దొరల సమాధులు చూడబోయిన పెద్దమ్మ

బెంగుళూరికి వచ్చిన చుట్టాలకు ఊరు చూపించే పని మా ఇంట్లో నాది. మేము పేటలో ఉండేవాళ్ళం. నాయన జరీ, పట్టునూలు అమ్మేవాడు. హిందూపురం నుంచీ కదిరి నుంచీ మా వాళ్ళు కోర్టు పనికో, ఆసుపత్రికో, పెళ్ళి చీరలకో వస్తే మా ఇంట్లోనే దిగేవారు. మధ్యలో ఒక పూట ఖాళీ దొరికితే అమ్మ నన్ను వాళ్ళ వెంట పంపేది. లాల్‌బాగులో గాజుమేడ, బసవనగుడిలో పెద్ద నంది, మ్యూజియంలో పాత రాళ్ళు, ఇవే నేను చూపించే వింతలు. పాదిరీల బడిలో ఆఖరి తరగతి చదువుతూ ఉండేదాన్ని. ఇంగ్లీషు బోర్డులు గడగడా చదివేదాన్ని కాబట్టి, నాకంటే పెద్దవాళ్ళు కూడా నా వెనకే నడిచేవారు. అది నాకు బాగుండేది.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటేడు మా పెద్దమ్మ, పెద్దనాయన వచ్చారు. పెద్దమ్మ అంటే మా అమ్మకు అక్క. హిందూపురం పక్కన, పెన్న ఒడ్డున వాళ్ళ ఊరు. పెద్దనాయనకు రెండు కళ్ళలోనూ పొర కమ్మింది. ముందు ఒక కంటికి ఆపరేషన్ చేసి, కదలకుండా పడుకోబెట్టారు. మగవాళ్ళ వార్డులో ఆడవాళ్ళను ఉండనివ్వలేదు. వాళ్ళ పెద్దకొడుకు అక్కడ తోడున్నాడు. పెద్దమ్మ మా ఇంట్లో ఉండి, పొద్దున సంకటి ముద్దా పులుసూ పంపించి, ఆ పైన ఏమీ తోచక నడవలో అటూ ఇటూ తిరిగేది.

ఆమె పొడుగు మనిషి. గొంతు పెద్దది. సేద్యమంతా ఆమె చేతి మీదే నడిచేది. పెద్దనాయన నెమ్మదిగా ఒక మాటంటే ఆమె పది మాటలనేది. ఇద్దరు కొడుకులు, కోడళ్ళు, మనవలు. ఏడవడం అనేది ఆమెకు చేతకాదని మా ఇంట్లో అందరం అనుకునేవాళ్ళం.

లాల్‌బాగు చూపించాను. "మా చేన్లో ఇంతకంటే మంచి చెట్లు ఉండాయి" అంది. మ్యూజియం చూపించాను. "పగిలిన కుండలు పెట్టుకొని కావలి కాస్తాండారే" అని నవ్వింది. ఆ తర్వాత అసలు సంగతి బయటపెట్టింది. వాళ్ళ ఊరి కరణంగారి భార్య ఒకసారి బెంగుళూరు వచ్చి, దండులో దొరల సమాధుల తోట చూసి వెళ్ళిందట. రెక్కలున్న ఆడబొమ్మలు ఉంటాయనీ, ఇళ్ళంత గోరీలు ఉంటాయనీ అందరికీ చెప్పిందట.

"అది చూడకుండా ఊరికి పోతే ఆయమ్మ నన్ను బతకనిస్తుందా? నన్నాడికి పిల్చుకపో" అంది నాతో.

అమ్మ చేతిలో చేట అలాగే పట్టుకుని నిలబడింది. "ఆడోళ్ళు శ్మశానానికి పోయేదుందా యాడన్నా? నీకేమన్నా మతి ఉండాదా అక్కా?"

"అది మన శ్మశానమా? దొరల్ది. వాళ్ళ దయ్యాలకు మన బాస రాదులే."

అమ్మ ఇంకా ఏదో అనబోయింది గానీ అక్క మాట మీద నెగ్గడం ఆమెకు చిన్నప్పటి నుంచీ అలవాటు లేదు. వచ్చాక పెరటి గుమ్మంలోనే తలస్నానం చేసి లోపలికి రావాలని మాట తీసుకుని పంపింది.

ఆదివారం పొద్దున జట్కా మాట్లాడుకుని బయల్దేరాం. మా పేట సందుల్లో నుంచి జట్కా బయటపడి మైదానం దాటితే మరో ఊరే. వెడల్పు రోడ్లు, ఎర్ర పెంకుల బంగళాలు, చర్చి గంటలు. యుద్ధం అయిపోయినా సోల్జర్ల లారీలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. ఆ కంటోన్మెంటునే మేము దండు అనేవాళ్ళం. పేటలో పుట్టి పెరిగిన నేను దండుకు వెళ్ళింది చాలా తక్కువ. ఆ సంగతి పెద్దమ్మకు తెలియనివ్వకుండా, ప్రతి వీధీ నాకు తెలిసినట్టే కూర్చున్నాను.

జట్కా సాయిబు గేటు దగ్గర ఆపి, గుర్రానికి గడ్డి వేసుకుంటూ తను లోపలికి రానన్నాడు. గేటు లోపల కావలివాడు ముసలివాడు, ఖాకీ నిక్కరు, మెడలో నల్లతాడుకు సిలువ. అరవం కలిసిన తెలుగులో అడిగాడు.

"ఎవరి సమాధికమ్మా?"

ఆ ప్రశ్న వస్తుందని నేననుకోలేదు. చుట్టాలుంటేనే వచ్చే చోటని అప్పుడు తట్టింది నాకు.

పెద్దమ్మ మాత్రం తడుముకోలేదు. "ఎవురి సమాధికీ కాదప్పా. సుమ్నే, ఊరికే చూసేదానికి వచ్చినాము. హిందూపురం నుంచి."

ఆయన మమ్మల్ని ఒక్క క్షణం చూసి, "చూడండి. పూలు మాత్రం తెంపొద్దు" అని గేటు తీశాడు.

లోపల నిజంగానే తోటలా ఉంది. దారికి రెండు వైపులా సిల్వర్ ఓక్ చెట్లు, రాలిన ఆకులు వెండి రేకుల్లా పడి ఉన్నాయి. ముందు భాగంలో పెద్ద పెద్ద గోరీలు. కొన్ని మా వీధి చివరి గుడి కంటే ఎత్తు. రాతి మీద గుడ్డ కప్పినట్టు చెక్కిన కుండలు, కత్తులు, టోపీలు. ఒక చోట రెక్కల ఆడబొమ్మ తల వంచుకుని నిలబడి ఉంది. చెయ్యి ఒకటి మణికట్టు దగ్గర విరిగిపోయింది. పెద్దమ్మ దాని చుట్టూ తిరిగి, రెక్క మీద చెయ్యి వేసి నిమిరి చూసింది. "కరణం పెండ్లాము అబద్ధం చెప్పలేదు" అంది సంతోషంగా.

నేను రాళ్ళ మీద రాసింది చదివి తెలుగులో చెబుతూ నడిచాను. ఈయన కల్నలు. ఈయన డాక్టరు. ఈయన గుర్రం మీద నుంచి పడిపోయాడు. ఈమె ఫలానా కెప్టెన్ భార్య. పెద్దమ్మ ఒక్కొక్కరి గురించీ ఏదో ఒకటి అనేది. "ఇంత దూరం వచ్చి గుర్రం మీంచి పడల్లా?" అని జాలి పడింది. సగం వయసులో పోయిన ఒక అధికారి సమాధి మీద స్తంభం మధ్యకు విరిచి నిలబెట్టి ఉంటే, పని పూర్తి చేయకుండా కాసులు తిన్నారేమో అంది. వయసు నిండకుండా పోయారని తెలిపేందుకు అలా చెక్కుతారని నేను బడిలో వినివున్నాను. అది చెప్పాను. పెద్దమ్మ ఆ స్తంభాన్ని మళ్ళీ ఒకసారి చూసింది.

వెనక వైపు గోడ దగ్గరికి వెళ్ళేసరికి గోరీలు చిన్నవి అయ్యాయి. మూరెడు, రెండు మూరల రాళ్ళు, దగ్గర దగ్గరగా. గడ్డి పెరిగి కొన్ని సగం కనబడటం లేదు. పాలరాతిలో పొదిగిన సీసపు అక్షరాలు కొన్ని ఊడిపోయి చుక్కల్లా రంధ్రాలు మిగిలాయి.

"ఇవేంటికి ఇంత చిన్నవి?"

"పిల్లలవి పెద్దమ్మా."

"అన్నీనా?"

నేను వంగి చదివాను. ఒకటి రెండేళ్ళ పిల్లవాడిది. ఒకటి మూడు వారాల బిడ్డది. ఒకే ఇంటిపేరుతో మూడు రాళ్ళు పక్కపక్కన ఉన్నాయి. పేర్లు చదవబోతే పెద్దమ్మ అడ్డుకుంది.

"పేర్లొద్దు. ఎన్నేండ్లో చెప్పు."

నేను వయసులు మాత్రం చదువుతూ నడిచాను. ఆమె నా వెంట ఒక్కో రాయి దగ్గరా ఆగుతూ వచ్చింది. ఆమె గొంతు తగ్గిపోయిందని నాకు కొంచెం ఆలస్యంగా తెలిసింది. ఒక రాయి మీద వయసుతో పాటు ఇంకో ముక్క ఉంది. ఏం రాశారని అడిగింది.

"మా బంగారు తల్లి నిద్రపోతోంది అని."

"నిద్రపోతాండాదని రాసినారా? రాయి మీద?"

"అవును."

"ఎన్నేండ్లు?"

"పది నెలలు."

పెద్దమ్మ ఆ రాయి పక్కన గడ్డిలో కూర్చుంది. నడిచి అలిసిపోయిందనుకుని నేను నీళ్ళు తెమ్మంటావా అని అడిగాను. తల అడ్డంగా ఊపింది.

"నాకు మొదట ఆడబిడ్డ. మీ అన్నలిద్దరికీ ముందు. ఇంతే ఉండె, పది నెల్లు. జరమొచ్చింది, పొద్దునకు ల్యాకుండా పాయె" అంది.

నాకు ఆ సంగతి తెలియదు. అమ్మ ఎప్పుడూ చెప్పలేదు. మా ఇంట్లో ఎవరి నోటా రాలేదు. ఎక్కడ సమాధి చేశారని అడిగాను. పిచ్చి ప్రశ్న. మనలో పసిబిడ్డకు సమాధి ఎవరు కడతారు?

"నాకేం తెలుసు? గుడ్డలో చుట్టి మీ పెద్దనాయన, ఆయన నాయన ఎత్తుకొనిపాయిరి. ఆడది గడప దాటగూడదనిరి. వచ్చి స్నానం చేసిరి. అంతే. ఇంగ ఆ మాట ఎత్తినోళ్ళు లేరు." చేత్తో రాయి మీది మట్టి తుడిచింది. "ఇంగొక బిడ్డ పుడితే మరిచిపోతావనిరి. పుట్టిరి."

కొంచెం దూరంలో ఒకామె ఉన్నదని అప్పుడు గమనించాం. నెరిసిన జుట్టు, పూల గౌను, కాళ్ళకు మేజోళ్ళు. దొరసాని కాదు, దండులో ఉండే ఆంగ్లో ఇండియన్ మనిషి అయ్యుండాలి. చిన్న సమాధి ముందు మోకాళ్ళ మీద కూర్చుని తడిగుడ్డతో రాయిని రుద్దుతోంది. మూలల్లో వేలు పెట్టి నాచు తీస్తోంది. డబ్బాలో నీళ్ళు అయిపోతే లేచి, మోకాలు పట్టుకుని, కుళాయి వైపు కుంటుతూ నడిచింది.

పెద్దమ్మ లేచి వెళ్ళి, ఆమె చేతిలోని డబ్బా అందుకుంది. ఆమె ఉలిక్కిపడింది. ఆ డబ్బా ఎత్తుకుపోతోందని అనుకున్నట్టుంది. నేను పరుగెత్తి ఇంగ్లీషులో చెప్పాను, మా పెద్దమ్మ నీళ్ళు తెస్తానంటోందని. నా ఇంగ్లీషు ఒక మనిషితో నిజంగా మాట్లాడటానికి వాడింది అదే మొదటిసారి.

పెద్దమ్మ నీళ్ళు తెచ్చి పోసింది. ఆమె రుద్దింది. పసిబిడ్డకు ఇద్దరు ఆడవాళ్ళు స్నానం చేయిస్తున్నట్టే ఉంది చూడటానికి. తలవైపు పోసి, కిందికి పోసి, పక్కలకు పోసి. ఆ రాయి మీద నాలుగేళ్ళ పిల్లవాడి పేరుంది. రాయి పాతదే.

పని అయ్యాక ఆమె నన్ను అడిగింది, "ఆమెకు ఇక్కడ ఎవరైనా ఉన్నారా?"

లేరన్నాను. ఊరు చూడటానికి వచ్చామని చెప్పడానికి సిగ్గేసింది. అయినా చెప్పాను. మా పెద్దమ్మకూ ఒక బిడ్డ పోయిందనీ, ఎక్కడ పూడ్చారో ఆమెకు తెలియదనీ కూడా చెప్పాను. ఆమె సమాధి పక్కన పెట్టిన తన పూల కట్టలో నుంచి ఒక తెల్లపువ్వు తీసి పెద్దమ్మ చేతికిచ్చింది. పెద్దమ్మ దాన్ని కాసేపు పట్టుకుని, అక్షరాలన్నీ ఊడిపోయిన ఒక చిన్న రాయి మీద పెట్టింది.

"ఎన్నాండ్ల నుంచి వస్తాండాదో అడుగు" అంది నాతో.

అడిగాను. బిడ్డ పోయినప్పటి నుంచీ ప్రతి ఆదివారం, చర్చి అయ్యాక వస్తానందామె. భర్త మొదట్లో వచ్చేవాడట, తర్వాత మానేశాడట. ఈ మధ్య మోకాళ్ళ నొప్పి వల్ల కొన్ని వారాలు తప్పుతున్నాయట. అంతా తెలుగులో చెప్పాను. పెద్దమ్మ విని, ఆమె భుజం మీద ఒకసారి చెయ్యి వేసి తీసింది.

జట్కాలో తిరిగి వచ్చేటప్పుడు సాయిబు ఏం చూశారని అడిగితే, "అంతా చూసినాము" అని మాత్రం అంది. ఇంటికి రాగానే అమ్మ పెరట్లోనే మా ఇద్దరి తలల మీదా నీళ్ళు కుమ్మరించింది. దయ్యాలు కనబడ్డాయా అని అడిగింది. పెద్దమ్మ నవ్వలేదు. అమ్మ నా వైపు చూసింది. నేను చీర పిండుకుంటూ తల తిప్పుకున్నాను.

కొన్ని రోజులకు పెద్దనాయనను మా ఇంటికి పంపారు. కంటికి ఆకుపచ్చ గుడ్డ అడ్డం. ఎండలోకి రాకూడదు, వంగకూడదు, బరువెత్తకూడదు. రోజూ కంట్లో మందు చుక్కలు వేసే పని నాకు అప్పజెప్పారు. సాయంత్రం ఎండ తగ్గాక జగిలి, అంటే వీధి అరుగు మీద గోడకు ఆనుకుని కూర్చునేవాడు. ఆ రోజు నేను మందు వేసి సీసాకు బిరడా పెడుతూ ఉంటే పెద్దమ్మ వచ్చి మెట్టు మీద కూర్చుంది.

"ఇదో, ఒక మాట అడుగుతా."

"అడుగు."

"మన బిడ్డను యాడ పెట్టినారు?"

ఏ బిడ్డ అని ఆయన అడగలేదు. గుడ్డ కట్టిన తల మెల్లగా ఆమె వైపు తిప్పాడు. వీధిలో కొబ్బరికాయల బండి వెళ్తూ ఉంది.

"ఇప్పుడెందుకే ఆ మాట?"

"చెప్పు."

"గుర్తు లేదు" అన్నాడు. లేచి, గోడ తడుముకుంటూ లోపలికి వెళ్ళిపోయాడు. పెద్దమ్మ అక్కడే కూర్చుండిపోయింది. నేను దీపం వెలిగించే నెపంతో లోపలికి జారుకున్నాను.

మరునాడు పొద్దున నేను మందు వేయబోతే నా మణికట్టు పట్టుకున్నాడు. "మీ పెద్దమ్మను పిలువు. నువ్వుండు, పోవాకు" అన్నాడు. ఆమె ముందు ఒక్కడే మాట్లాడటానికి భయపడ్డాడేమోనని ఇప్పుడు అనిపిస్తుంది.

పెద్దమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"నిన్న అబద్ధం చెప్పినా. గుర్తు ఉండాది" అన్నాడు. పడుకునే, పైకప్పు వైపు చూస్తూ చెప్పుకుంటూ పోయాడు. పెన్న గట్టు మీద, కానుగ చెట్టు కింద పెట్టారట. పెద్దమ్మ పాత చీర చుట్టారట. నక్కలు తోడకుండా పైన రాళ్ళు పేర్చి, ముళ్ళకంప వేశారట. "కొన్నాండ్లకు ఏరు పెద్దగా వచ్చె, నీకూ తెలుసు గదా. గట్టంతా కోసుకొనిపాయె. నీళ్ళు తగ్గినాక పోయి చూసినా. చెట్టు ల్యా. రాళ్ళూ ల్యా. నీకెట్ల చెప్పేది? నువ్వు మరిచిపోయింటావులే అనుకొంటి."

"నేను మరిచిపోయినానని నీకెవురు చెప్పినారు?"

"నువ్వెప్పుడూ అడగల్యా గదా."

"అడిగితే నువ్వు ఏడుస్తావని అడగల్యా."

ఆయన కంటి కింద గుడ్డ తడిసింది. ఏడిస్తే కంటికి మంచిది కాదని డాక్టరు గట్టిగా చెప్పాడు. నాకు భయం వేసి ఆ మాటే పైకి అన్నాను. పెద్దమ్మ తన కొంగు మడిచి, గుడ్డ అంచున అద్ది, "ఊరుకో, డబ్బు పోసి చేయించిన కన్ను" అంది. మందు ఆ పూట ఆమే వేసింది.

నా పరీక్షలు అయిపోయాయి. వాళ్ళు ఊరికి బయల్దేరేటప్పుడు సెలవులకు నన్నూ తీసుకెళ్ళారు. యలహంక దాటాక రైలు కిటికీలో నుంచి రాళ్ళ గుట్టలు మొదలైనాయి. దారి పొడుగునా ఆ ఇద్దరూ చాలా మామూలుగా ఉన్నారు. వేరుశెనక్కాయలు కొనుక్కుని తిన్నారు. బండి ఆలస్యమైందని పెద్దమ్మ గార్డును తిట్టింది. నేను ఒక్కదాన్నే ఏదో జరగాలని ఎదురుచూస్తూ కూర్చున్నాను.

ఊరు చేరిన రెండు మూడు రోజులకు, చల్లబడ్డాక, పెద్దనాయన కర్ర తీసుకున్నాడు. "రాండి" అన్నాడు. కోడళ్ళు ఎక్కడికని అడిగితే "ఏట్లోకి" అన్నాడు. పెన్నలో నీళ్ళు లేవు. ఇసుక, మధ్యలో ఒక సన్నని తడి చార. అవతల ఎవరో చెలమ తవ్వి బిందె ముంచుతున్నారు. ఆయన గట్టు దిగి, ఇసుకలో కొంత దూరం నడిచి ఆగాడు. అటూ ఇటూ చూశాడు. అటువైపు గుట్ట, ఇటువైపు బావి మోట, రెండూ సరిచూసుకుని ఇంకొంచెం పక్కకు జరిగాడు. ఒక కంటికి పొర, ఇంకో కంటికి అద్దం ఇంకా రాలేదు. అయినా తడుముకున్నట్టు అనిపించలేదు. వరద పోయాక ఒకసారే వచ్చి చూశానని చెప్పాడు గానీ, ఒకసారి చూసిన మనిషి నడక అది కాదనిపించింది నాకు.

"గట్టు అప్పుడు ఈడిదాకా ఉండె" అని కర్ర ఎత్తి, తన తల కంటే పైన గాలిలో గీత గీశాడు. "ఆ ఎత్తున. చెట్టు ఈ పక్క."

"తల ఏ దిక్కు?"

ఆయన కర్రతో చూపించాడు.

పెద్దమ్మ ఆ గాలిలోకి చాలాసేపు చూసింది. తర్వాత ఇసుకలో కూర్చుంది. ఏడవలేదు. పూలూ కర్పూరమూ ఏమీ తేలేదు. ఇసుక చేతిలోకి తీసుకుని వదిలింది, మళ్ళీ తీసుకుని వదిలింది. పెద్దనాయన కర్ర మీద గడ్డం ఆనించి నిలబడ్డాడు. నేను దూరంగా వెళ్ళి చెలమ దగ్గర నిలబడ్డాను. దండులో ఆ తోటలో రాళ్ళూ పేర్లూ వయసులూ చూసి, అవి ఉన్నవాళ్ళు అదృష్టవంతులని అప్పటిదాకా అనుకుంటూ ఉన్నాను. ఇక్కడ ఒక గుర్తు కూడా లేదు. అయినా ఆ ఇద్దరూ సరైన చోటే ఉన్నారనిపించింది. ఎందుకో చెప్పమంటే ఇప్పటికీ చెప్పలేను.

పొద్దు గుట్ట వెనక్కు జారుతూ ఉంటే లేచి ఇంటి దారి పట్టాం. వాళ్ళు ముందు, నేను వెనక. కొంత దూరం పోయాక పెద్దనాయనే మాట ఎత్తాడు.

"దానికి నోట్లో కింద పండ్లు రెండు వచ్చిండె."

"రెండా? ఒకటే. రెండోది చిగురులో కనపడ్తాండె, అంతే."

"రెండే. నా ఏలు కొరికిందానికి నాకు తెలీదా?"

"కొరికింది నన్ను. నువ్వెప్పుడు ఎత్తుకొంటివి? చేన్లోనే ఉంటివి గదా."

"మాపటేల ఎత్తుకొనేది ఎవురు మరి? గోడ పట్టుకొని నిలబడింది నేను చూసినా, నువ్వు చూళ్ళేదు."

"నిలబడిందా? ఎప్పుడు?"

పెద్దమ్మ దారిలో ఆగిపోయింది. ఆయన కూడా ఆగి, కర్ర చంకలో పెట్టుకుని, రెండు చేతులతోనూ చూపించాడు, గోడ ఇటు, బిడ్డ ఇటు, ఎలా లేచిందో, ఎలా కూలబడిందో. ఆమె ఇంకోసారి చెప్పమంది. ఆయన మళ్ళీ చూపించాడు. మేకలు తోలుకొస్తున్న ఒకామె దారి కోసం నిలబడి, ఈ ముసలివాళ్ళు నడిరోడ్డున ఏం చేస్తున్నారా అని చూసి, పక్కనుంచి వెళ్ళిపోయింది. పన్ను ఒకటా రెండా అన్నది ఇల్లు చేరేదాకా తేలలేదు.